నాక్స్‌విల్ నేషనల్స్‌కి వెళ్తే హోటల్ వద్దు, టెంట్ వేసుకోండి

ఆగస్టులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మట్టి ట్రాక్ మీద జరిగే స్ప్రింట్ కార్ల పెద్ద పోటీ, నాక్స్‌విల్ నేషనల్స్‌కి వెళ్దామనుకునే మనవాళ్ళు ముందు అడిగేది హోటల్ గురించే. ఏడున్నర వేల జనాభా ఉన్న ఊరు అది, ఆ వారం దానికి రెండు మూడింతల జనం దిగుతారు, గది దొరకడమే కష్టం, దొరికినా రేటు వింటే గుండె గుభేలుమంటుంది. సరే, డిమోయిన్‌లో తీసుకుందాం, నలభై మైళ్ళే కదా అనుకుంటారు. ఆ పని మాత్రం చేయకండి. మధ్యాహ్నం ట్రాక్‌కి నీళ్ళు పెట్టడంతో మొదలైన రోజు అర్ధరాత్రి పిట్స్‌లో, అంటే కార్లని సిద్ధం చేసే చోట, డ్రైవర్లతో మాట్లాడడంతో ముగుస్తుంది, హోటల్ వాళ్ళు ఆ రెండు కొసలూ వదిలేసుకుని మధ్య ముక్క చూసి వెళ్ళిపోతారు. ట్రాక్ పక్కన క్యాంపింగ్‌కి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో కింద చెప్తాను.

స్ప్రింట్ కార్లు ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కొంచెం. 410 క్యూబిక్ ఇంచుల వీ8 ఇంజిన్, 900 హార్స్‌పవర్ దాకా శక్తి, డ్రైవర్‌తో కలిపి బరువు 1,400 పౌండ్ల చిల్లర. నెత్తిన ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు రెక్క. సెల్ఫ్ స్టార్ట్ లేదు, క్లచ్ లేదు, వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు తోస్తేనే స్టార్ట్ అవుతుంది. పెట్రోలు కాదు, మిథనాల్ పోస్తారు, పిట్స్‌లో ఇంజిన్ పక్కన నిలబడితే కళ్ళు భగ్గున మండుతాయి. అర మైలు మట్టి ట్రాక్‌ని పదిహేను పదహారు సెకన్లలో చుట్టేస్తాయి, అదీ మలుపుల్లో ముందు చక్రాలు కుడికి తిప్పి, కారు మొత్తం పక్కకి జారుతూ. టీవీలో ఆ వేగం తెలియదు. డర్ట్‌విజన్ అనే ఆన్‌లైన్ ప్రసారంలో ఇంట్లో కూర్చుని చూడొచ్చు కదా అంటారు, నేనూ మిగతా సీజన్ అలాగే చూస్తాను, కానీ నేషనల్స్ మాత్రం అక్కడే చూడాలి.

ఎందుకంటే ఈ ఆట అంతా మట్టిలో ఉంది. నాక్స్‌విల్ మట్టి నల్లటి మట్టి, గుంటూరు, ప్రకాశం వైపు వాళ్ళకి చూడగానే మన నల్లరేగడి గుర్తొస్తుంది, తడిస్తే చెప్పుకి పట్టుకుని వదలదు. మధ్యాహ్నం వాటర్ ట్రక్కులు తిరుగుతాయి. తర్వాత రేసు కార్లే నెమ్మదిగా చుట్లు కొట్టి ఆ తడి మట్టిని అణుస్తాయి, దీన్నే వీల్ ప్యాకింగ్ అంటారు. క్యాంపులో ఉంటే ఇదంతా కుర్చీ వేసుకుని చూడొచ్చు, పక్కనున్న పెద్దాయన ఈ రాత్రి ట్రాక్ ఎలా మారబోతుందో చెప్తుంటే వినొచ్చు. సాయంత్రం మొదటి రేసుల్లో మట్టి తడిగా, బరువుగా ఉంటుంది, పట్టు ఎక్కువ. రాత్రి పెరిగేకొద్దీ మధ్యలో ఆరిపోయి నున్నగా మెరుస్తుంది, వదులు మట్టి అంతా బయటి గోడ వైపు చేరి గట్టులా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. కుడి వెనక టైరుని ఆ గట్టుకి ఆనించి నడిపేవాడు ఒకడు, లోపలి అంచు పట్టుకుని నెమ్మదిగా ముందువాడి చోటు దొంగిలించేవాడు ఒకడు. ఎవడి అంచనా నిజమో చూడడమే అసలు మజా. మధ్యాహ్నం నీళ్ళు పెట్టడం చూడనివాడికి రాత్రి రేసులో సగం అర్థం కాదని నా గట్టి నమ్మకం.

ఇది 1961 నుంచి జరుగుతున్న పోటీ. స్టీవ్ కిన్సర్ 12 సార్లు, డానీ షాట్జ్ 11 సార్లు గెలిచారు. అమెరికా స్టాక్ కార్ రేసుల సిరీస్ నాస్కార్‌లో పెద్ద పేరున్న కైల్ లార్సన్ కూడా 2021, 2023, 2024లో ఇక్కడ గెలిచాడు. మొత్తం ప్రైజ్ మనీ పది లక్షల డాలర్లు దాటుతుంది. బుధవారం సగం మంది, గురువారం మిగతా సగం మంది పోటీ పడి పాయింట్లు తెచ్చుకుంటారు, క్వాలిఫైయింగ్‌లో, అంటే సమయం కొలిచే చుట్లలో, అందరికంటే వేగంగా వెళ్ళినవాడు ఆ తర్వాత జరిగే హీట్ అనే చిన్న రేసులో వెనక నుంచి మొదలుపెట్టాలి, అందుకే ప్రతి హీటూ టెన్షనే. పాయింట్లలో పైన ఉన్నవాళ్ళకి శనివారం ఫైనల్‌లో చోటు ఖాయం, మిగిలినవాళ్ళు శుక్రవారం మళ్ళీ తన్నుకోవాలి. శనివారం ఏ మెయిన్ అనే ఆ ఫైనల్ 50 చుట్లు.

ఇక అసలు విషయానికొస్తే, చోటు. ట్రాక్ ఉన్న ఫెయిర్‌గ్రౌండ్స్ (జాతర మైదానం) చుట్టుపక్కల కరెంటు ఉన్న మంచి చోట్లు చాలావరకు ఏళ్ళ తరబడి వస్తున్న కుటుంబాల చేతుల్లో ఉంటాయి, కొత్తవాళ్ళకి దొరికేది ఎక్కువగా కరెంటు లేని చోటే. దానికేం బాధపడకండి, టెంట్‌కి అది చాలు, ఒక మంచి పవర్ బ్యాంకు, బ్యాటరీ ఫ్యాన్ ఉంటే గడిచిపోతుంది. చుట్టుపక్కల ఖాళీ స్థలాలు, ఇళ్ళ పెరళ్ళు కూడా అద్దెకిస్తారు. వీటిలో డబ్బు కట్టేముందు కరెంటు ఎంత, ఎంతమందికి, టాయిలెట్ ఎంత దూరం అని అడగండి. ట్రాక్‌తో సంబంధం లేని ఒక ప్రైవేటు స్థలంలో కరెంటు ఉందని చెప్పి ఒకే బోర్డు నుంచి వరసగా అన్ని ఆర్‌వీలకీ (ఇల్లులా వాడుకునే బళ్ళకి) వైర్లు లాగారు, సాయంత్రం అందరూ ఏసీలు వేయగానే బ్రేకర్ పడిపోయేది, మా చిన్న ఫ్రిజ్‌లో పెరుగు పులిసిపోయింది, అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. స్నానాల గదుల దగ్గర ఉదయం పొడుగు క్యూ ఉంటుంది, ఆరింటిలోపు వెళ్తే హాయి.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే రెడ్ రాక్ సరస్సు వైపు చూడండి. అయోవాలో అతిపెద్ద సరస్సు అది, ఆర్మీ కోర్ (సైన్యపు ఇంజినీరింగ్ విభాగం) వాళ్ళ క్యాంపుగ్రౌండ్లు ఉన్నాయి, వాటిలో వైట్‌బ్రెస్ట్ అనేది నాక్స్‌విల్‌కి దగ్గర, చెట్లు, నీళ్ళు, ప్రశాంతంగా ఉంటుంది. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో నెలల ముందే బుక్ చేసుకోవాలి. నిద్ర కావాలంటే సరస్సు, రేసు కావాలంటే ట్రాక్. నేను ట్రాక్ వైపే.

అర మార్కు పోయింది ఎండకీ జనరేటర్లకీ. ఆగస్టులో అయోవా ఎండ మనకి కొత్త కాదు, కానీ ఆ ఉక్కపోత వేరు, మైళ్ళ కొద్దీ మొక్కజొన్న చేలు వదిలే తేమంతా గాలిలోనే ఉంటుంది, ఉదయం తొమ్మిదికే టెంట్‌లో ఉండలేం. పైన నీడకి ఒక కానోపీ తప్పనిసరి, దాని కాళ్ళకి బరువులు కట్టండి, ఉరుముల వాన చెప్పకుండా వస్తుంది. టెంట్ పల్లంలో వేయొద్దు. పక్క ఆర్‌వీ జనరేటర్ రాత్రంతా మోగితే ఇయర్ ప్లగ్స్ తప్ప మార్గం లేదు, అయితే వెళ్ళి మర్యాదగా అడిగితే చాలామంది దాన్ని అటువైపు తిప్పుతారు, తిప్పి ఒక కుర్చీ కూడా వేస్తారు.

తిండి సంగతి. ట్రాక్ దగ్గర అంతా పోర్క్ టెండర్‌లాయిన్, బర్గర్లు, వాకింగ్ టాకోలు. శాకాహారులకి మొక్కజొన్న కంకులు, చీజ్ కర్డ్స్, ఫ్రైస్, అంతే. అందుకే మొదటి రోజుకి పులిహోర కలిపి తీసుకెళ్ళండి, ఎండకి కూడా నిలుస్తుంది. ఒక బ్యుటేన్ స్టవ్, ఇన్‌స్టంట్ ఉప్మా, మాగాయ, కంది పొడి ఉంటే నాలుగు రోజులూ ఇబ్బంది ఉండదు. ఐస్, పెరుగు, కూరగాయలకి ఊళ్ళోనే హైవీ సూపర్‌మార్కెట్ ఉంది. మా ఆవిడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉప్మా తిరగమోత పెడితే నాలుగు టెంట్ల అవతల నుంచి నెబ్రాస్కా వాళ్ళు ఒకరు గిన్నె పట్టుకుని వచ్చారు, బదులుగా వాళ్ళ తోటలో కాసిన టమాటాలు ఇచ్చారు. ఆ టమాటాలతో చేసిన పచ్చడి రుచి ఇంటికొచ్చాక ఎన్నిసార్లు చేసినా రాలేదు.

పిల్లల చెవులకి ఇయర్‌మఫ్స్ లేకుండా లోపలికి తీసుకెళ్ళకండి, ఇందులో రాజీ లేదు. సీట్లు పై వరసల్లో తీసుకోండి, కింద వరసల్లో, ముఖ్యంగా మలుపుల దగ్గర, మట్టి పెళ్ళలు వచ్చి పడతాయి. తెల్ల చొక్కా వద్దు. రేసు అయ్యాక వెంటనే లేచి పోకుండా పిట్స్‌కి వెళ్ళండి. ఓడిపోయి, ముఖమంతా మట్టితో ఉన్న డ్రైవర్ కూడా పిల్లాడు టోపీ చాపితే సంతకం పెడతాడు. మెకానిక్ కారు రెక్క మీద మట్టిని గీకుతుంటే కింద ముద్దలు ముద్దలుగా పడుతుంది, మా అబ్బాయి అందులో ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, టైరు రబ్బరు నల్లగా దారాల్లా అంటుకుని ఉంది. ఇంత దగ్గరగా వెళ్ళనిచ్చే పెద్ద ఆట నాకు తెలిసి అమెరికాలో ఇంకొకటి లేదు. అర్ధరాత్రి అక్కడి నుంచి నడిచి టెంట్‌కి వెళ్ళిపోవచ్చు.

ఒహాయోలో ఉన్నవాళ్ళకి ఎల్డోరా ట్రాక్ దగ్గర, అక్కడ జులైలో కింగ్స్ రాయల్ అనే స్ప్రింట్ కార్ రేసు జరుగుతుంది, గెలిచినవాడికి కిరీటం పెట్టి సింహాసనం మీద కూర్చోబెడతారు. మలుపులు 24 డిగ్రీల వాలు, నాక్స్‌విల్ కంటే భయంగా ఉంటుంది, రేసు పరంగా నాకు అదే ఎక్కువ ఇష్టం. పెన్సిల్వేనియా వాళ్ళకి 1939 నాటి విలియమ్స్ గ్రోవ్ ట్రాక్ ఉంది. అయినా కుటుంబంతో మొదటిసారి క్యాంపింగ్ అంటే నేను నాక్స్‌విలే చెప్తాను, ఊరంతా నడిచి తిరిగే దూరం, ఎండ మండే మధ్యాహ్నాలు గడపడానికి ట్రాక్ పక్కనే ఏసీలో స్ప్రింట్ కార్ మ్యూజియం ఉంది. డిమోయిన్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలకైతే వారాంతంలో అయోవాలోనే ఉన్న మాడ్రిడ్ ఊరి హిందూ గుడికి వెళ్ళొచ్చే దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

నాలుగు రోజులు సెలవు దొరక్కపోతే గురువారం, శుక్రవారం వెళ్ళండి. శనివారం టికెట్ల ధర, రద్దీ రెండూ ఎక్కువ. గురువారం ప్రతి ఒక్కడూ పాయింట్ల కోసం ప్రాణం పెట్టి నడుపుతాడు, శుక్రవారం ఆఖరి అవకాశం కాబట్టి ఎవడూ దారి ఇవ్వడు. టెంట్ చోటు మాత్రం బుధవారం పొద్దున్నే ఎవరినైనా పంపి పట్టి ఉంచమనండి.