ఆగని రికర్షన్: బేస్ కేస్ మార్చడం మేలా, స్టెప్ మార్చడం మేలా?

ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడమే రికర్షన్. ఎక్కడ ఆగాలో చెప్పేది బేస్ కేస్, ప్రతి పిలుపుకూ విలువను మార్చేది స్టెప్. ల్యాబ్ పరీక్షలు దగ్గర పడితే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ కాలేజీల పిల్లలు ఇదే అడుగుతుంటారు: “అన్నా, బేస్ కేస్ రాసిన, అయినా ఫంక్షన్ ఆగుతలేదు. ‘==’ తీసేసి ‘<=’ పెడితే సరిపోతదా?”

ఎర్రర్ పోవడానికైతే చాలాసార్లు సరిపోతుంది. నేను మాత్రం ముందు దాని జోలికి వెళ్లొద్దంటాను. ఎందుకో మనకు తెలిసిన లెక్కతోనే చూద్దాం.

సాగర్ డ్యామ్‌కు 26 క్రెస్ట్ గేట్లు. విడతకు నాలుగు చొప్పున ఎత్తుతూ, మొత్తం ఎన్ని ఎత్తామో చెప్పే ఫంక్షన్ రాశామనుకోండి. ఇంకా ఎత్తాల్సిన గేట్లు ‘ఎన్’. ఎన్ == 0 అయితే 0 రిటర్న్ చేస్తుంది. లేదంటే ఎన్ - 4తో తననే మళ్లీ పిలుచుకుని, వచ్చినదానికి 4 కలుపుతుంది. 26, 22, 18, 14, 10, 6, 2, ఆ తర్వాత -2. సున్నాను తాకకుండానే దాటిపోయింది. ఇక ఎంత కిందికి పోయినా సున్నా రాదు. మామూలుగా పైథాన్ ఒకదానిలో ఒకటిగా 1000 పిలుపుల లోతు దగ్గర రికర్షన్ ఎర్రర్ ఇస్తుంది, జావా స్టాక్ ఓవర్‌ఫ్లో అంటుంది, సీ ప్రోగ్రాం ఎక్కువసార్లు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతుంది.

ఇప్పుడు ‘<=’ పెట్టండి. -2 దగ్గర ఆగుతుంది, 28 గేట్లు ఎత్తామంటుంది. ఉన్నవి 26 అయితే ఇంకో రెండు ఎక్కడివి? చివరి విడతలో రెండే మిగిలినా నాలుగు ఎత్తినట్టు లెక్కేసింది. అంటే తప్పు స్టెప్‌లో ఉంది. నాలుగు, ఎన్ ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అన్నే ఎత్తమని రాస్తే 2 నుంచి నేరుగా సున్నాకు వస్తుంది, జవాబు 26 అవుతుంది. బేస్ కేస్‌ను ముట్టుకునే పనే లేదు.

‘<=’ ఎప్పుడూ తప్పని కాదు. ఎన్ని విడతలు పడతాయని మాత్రమే అడిగితే 4 బదులు 1 కలుపుతాం, అక్కడ ‘<=’తో 7 వస్తుంది, అది సరైన జవాబే. కానీ ఫిబొనాచీ (ముందున్న రెండు సంఖ్యలు కలిపితే తర్వాతిది వచ్చే వరుస) సంగతి చూడండి. సున్నాకు ఒక్కదానికే బేస్ కేస్ రాస్తే 1 నుంచి -1కి జారిపోతుంది. దాన్ని ‘<= 0 అయితే 0’ అని మార్చారా, ప్రోగ్రాం ఆగుతుంది గానీ ఏ నంబర్ ఇచ్చినా సున్నానే చూపిస్తుంది. అక్కడ కావాల్సింది 1కి ఇంకో బేస్ కేస్. ఎర్రర్ వస్తే తప్పుందని మీకే తెలుస్తుంది. తప్పు జవాబు వస్తే ఎగ్జామినర్ చూసి చెప్పేదాకా తెలియదు. నన్ను భయపెట్టేది ఈ రెండోదే.

అందుకే నా ఓటు స్టెప్‌కు. ఏం మార్చాలో తేలకపోతే ఫంక్షన్ మొదటి లైన్‌లోనే ఎన్‌ను ప్రింట్ చేయించి, మొదటి నాలుగైదు విలువలు చూడండి. 5, 5, 5 అని అదే వస్తోందంటే స్టెప్ కదలడం లేదు. సీలో, జావాలో ‘ఎన్--’ అని పంపితే జరిగేది ఇదే: పాత విలువే లోపలికి వెళ్తుంది. ‘ఎన్ - 1’ అని పంపాలి. 1, 0.5, 0.25 అని వస్తోందంటే పైథాన్‌లో భాగహారానికి ఒక్క స్లాష్ పెట్టారు, రెండు పెట్టాలి, అప్పుడే దశాంశాలు లేకుండా వస్తుంది. మొదటి విలువే -3 అయితే స్టెప్ బాగానే ఉంది, ఇన్‌పుట్టే తప్పు. ఫ్యాక్టోరియల్‌లో దాన్ని ‘<=’తో కప్పేస్తే -3కి కూడా 1 అని జవాబిస్తుంది. అలాంటి ఇన్‌పుట్ వచ్చినప్పుడే ఎర్రర్ మెసేజ్ ఇచ్చి ఆపేయండి.

పైథాన్‌లో రికర్షన్ లిమిట్ (పైన చెప్పిన 1000) పెంచడం సరైన ఫంక్షన్‌కు లోతు చాలనప్పుడు పనికొస్తుంది. సున్నాను దాటిపోయినదానికి లక్ష ఇచ్చినా దండగే, పైగా పైథానే క్రాష్ కావచ్చు.

లూప్‌గా తిరగరాయొచ్చు కదా అంటారు కొందరు. స్టెప్ అదే ఉంటే ‘ఎన్ సున్నా కానంతవరకు’ అన్న వైల్ లూప్ కూడా -2, -6 అంటూ పోతూనే ఉంటుంది. పైథాన్‌లోనైతే ఆ ఎర్రర్ కూడా రాదు, స్క్రీన్ అలాగే ఆగిపోయి కనిపిస్తుంది.