మా వార్డు సచివాలయం: సేవకు మంచి మార్కులు, ఆదాయ పరిమితికి కావు

విశాఖపట్నం కంచరపాలెం పరిసరాల్లో ఉంటూ, పింఛను, తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లికి ప్రభుత్వం ఏటా ఇచ్చే నగదు సాయం) పనుల మీద ఇరుగుపొరుగు వారికి తోడుగా వార్డు సచివాలయానికి తరచూ వెళ్తుంటాను కాబట్టి, అక్కడి సేవ గురించి, అంతకంటే ముఖ్యంగా ఆ సేవ వెనుక ఉన్న ఆదాయ పరిమితి గురించి రాయదలచాను.

2019లో ఈ వ్యవస్థ వచ్చాక ఇలాంటి పనులు నడిచి వెళ్లే దూరంలో జరుగుతున్నాయి. సిబ్బంది మర్యాదగా మాట్లాడతారు, చదువురాని వారి దరఖాస్తును ఓపికగా నింపిపెడతారు. అర్హుల, అనర్హుల జాబితాలు గోడకు అంటిస్తారు. నా అభ్యంతరం ఆ రెండో జాబితా తయారయ్యే పద్ధతి మీద.

తల్లికి వందనం లాంటి నగదు పథకానికి పట్టణ కుటుంబం నెలసరి ఆదాయం 12,000 రూపాయలు దాటకూడదు. దానితోపాటు కారు ఉండకూడదు (టాక్సీకి మినహాయింపు ఉంది), కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు, సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగులలోపే ఉండాలి, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలను మాత్రం ఉద్యోగి నిబంధన నుంచి తప్పించారు, అది న్యాయం. ఇవన్నీ ఆధార్ ఆధారంగా కంప్యూటరే చూస్తుంది.

మా వీధిలో ఇళ్లలో పనిచేసుకునే ఒక తల్లి పేరు ఆ అనర్హుల జాబితాలో వచ్చింది. "అమ్మా, మీకు కరెంటు యూనిట్లు ఎక్కువ చూపిస్తోంది" అన్నారు వెల్ఫేర్ సెక్రటరీ. "ఆ మీటరు మా ఓనరుగారిది బాబూ, మూడు వాటాలకీ అదొక్కటే" అందామె. ఆయనకు విషయం వెంటనే అర్థమైంది, కానీ స్క్రీన్ మీది అంకెను మార్చే అధికారం ఆయనకు లేదు. ఆ సవరణ కోసం ఆమె కూలి పోగొట్టుకుని వేరే కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చింది. ఉమ్మడి మీటర్లు, ఇరుకు వాటాలు నిండిన ఈ నగరంలో యూనిట్లను బట్టి సంపదను కొలిస్తే ముందుగా దెబ్బతినేది అద్దెకుండేవారే.

అలాగని పరిమితే వద్దనను. నగదు ఖజానా నుంచి నేరుగా వెళ్తుంది, కాబట్టి బీచ్ రోడ్డు అపార్టుమెంటులో ఉన్నవారికీ కొండవాలు రేకుల ఇంట్లో ఉన్నవారికీ ఒకే మొత్తం ఇవ్వడం సరికాదు. 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సు సంగతి వేరు. సిటీ ఆర్డినరీలో ఆధార్ చూపిస్తే చాలు, ఆదాయం ఎవరూ అడగరు, అడగనవసరం కూడా లేదు, ఎందుకంటే కారున్నవారు ఎలాగూ ఆ రద్దీలో ఎక్కరు.

అయితే గీత ఎక్కడ గీశామన్నది ముఖ్యం. 2019లో 2,250 రూపాయలున్న వృద్ధాప్య పింఛను 2024 నాటికి 4,000 అయింది, అంటే ధరలు పెరిగాయని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు. ఆ 12,000 మాత్రం 2025 తల్లికి వందనం నిబంధనల్లోనూ అలాగే ఉంది. సెక్యూరిటీ గార్డుగా భర్త, రెండిళ్లలో పనిచేసే భార్య కలిసి తెచ్చేది ఈ నగరంలో సులభంగా ఆ గీత దాటుతుంది. పైగా ఆ గీత మెట్టులా కాక గోడలా ఉంది: నెలకు 500 ఎక్కువ వస్తే ఏడాదికి చేతికందేది 6,000, కానీ బడికెళ్లే ఇద్దరు పిల్లలుంటే, ఒక్కొక్కరికి తల్లి ఖాతాలో పడే 13,000 చొప్పున, పోయేది 26,000. ఆదాయం పెరిగేకొద్దీ సాయాన్ని కొంచెం కొంచెంగా తగ్గించే ఏర్పాటు ఉంటే ఈ అన్యాయం చాలావరకు తీరుతుంది. పరిమితిని ఏటా ధరలతోపాటు సవరించాలి. కరెంటు మీటరు లాంటి పరోక్ష గుర్తుల విషయంలో సచివాలయ సిబ్బంది స్వయంగా ఇల్లు చూసి రాసిన నివేదికకు కంప్యూటరు లెక్క కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అంతవరకు, పేరు అనర్హుల జాబితాలో చూసినవారు గోడ దగ్గరి నుంచే వెనుదిరగవద్దు. ఆధార్, రైస్ కార్డు, ఇంటి కరెంటు బిల్లు వెంట తీసుకెళ్లి, ఏ నిబంధన దగ్గర ఆగిందో స్క్రీన్ మీద చూపించమని అడగండి. పెళ్లై వేరుగా ఉంటున్న కొడుకు పేరు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (సచివాలయం దగ్గరుండే కుటుంబ సభ్యుల నమోదులో) ఇంకా ఉందేమో కూడా చూడమనండి, గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టించి దాని నంబరు రాయించుకునే రండి.