నాలుగు దిక్కుల నుంచీ కనిపించే చిన్న మొక్కల అక్వేరియం: నల్లగొండలో ఒక దుకాణం పనితనం

మన దగ్గర అక్వేరియం అంటే సాధారణంగా గోడకు ఆనించి పెట్టి, వెనుక అద్దానికి సముద్రం బొమ్మ అంటించిన ట్యాంకే. దుకాణాల వారికి కూడా ఆ పనే అలవాటు. హాలుకూ భోజనాల గదికీ మధ్య, గోడ ఆసరా లేని చోట, ఏ వైపు నుంచి చూసినా నిండుగా కనిపించే మొక్కల ట్యాంకు కావాలంటే చాలామంది వెనకాడుతారు. కొందరు ఒప్పుకుని, ముందువైపు మాత్రమే చక్కగా అమర్చి వెళ్లిపోతారు. నల్లగొండ గడియార స్తంభం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఇద్దరు అన్నదమ్ములు నడుపుతున్న చిన్న దుకాణం మా ఇంట్లో ఇలాంటి ట్యాంకును అమర్చింది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 40 సెంటీమీటర్లు. అంచు పట్టీలు లేని గాజు ట్యాంకు. లెక్క ప్రకారం 64 లీటర్లు పట్టాలి కానీ, మట్టి, రాళ్లు పోను అందులో నిలిచే నీళ్లు 50 లీటర్లకు కొంచెం అటూ ఇటుగా ఉంటాయి. ఇలాంటి పని చేయించుకోవాలనుకునే వారికి వివరాలు అందాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

కొలతలు తీసుకోవడానికి వచ్చిన తమ్ముడు టేపు తీయకముందే, "ముందుగాల మీరందరు యాడ కూసుంటరో చూపియ్యన్నా" అని అడిగాడు. సోఫాలో, భోజనాల బల్ల దగ్గర, వంటింటి గుమ్మంలో, మెట్ల దగ్గర తానే నిలబడి, కూర్చొని, కంటి ఎత్తు ఎంత వస్తుందో గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాడు. ట్యాంకు మధ్యభాగం కూర్చున్నవారి కంటికి ఎదురుగా వచ్చేలా స్టాండు ఎత్తు నిర్ణయించింది ఆ గుర్తులను బట్టే. ఈ పనికి ఇంతకంటే సరైన ఆరంభం ఉండదని నా అభిప్రాయం. నాలుగు వైపుల ట్యాంకులో వెనుక భాగం అనేది లేదు కాబట్టి, ఎక్కడి నుంచి ఎవరు ఎక్కువసేపు చూస్తారన్నదే మొత్తం అమరికకు ఆధారం.

నీటిలోని వస్తువులు గాజు బయటి నుంచి చూసేవారికి ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి. నీటి వక్రీభవన గుణకం 1.33 కావడం వల్ల 40 సెంటీమీటర్ల లోతు మన కంటికి దాదాపు 30 సెంటీమీటర్లుగానే తోస్తుంది. అంటే ఈ చిన్న ట్యాంకు నీళ్లు పోయగానే మరింత చిన్నదైపోతుంది. దీనికి తోడు, ఎదురుగా నిలబడి చూసినప్పుడు పక్క గాజులు అద్దాల్లా పనిచేసి లోపలి మొక్కలనే తిరిగి చూపిస్తాయి. లోపలి నుంచి ఏటవాలుగా గాజును తాకిన కాంతి బయటికి పోలేక వెనక్కి మళ్లడమే ఇందుకు కారణం. లోపల అమర్చిన ఎండు కర్ర కొమ్మ కొస పక్క గాజును తాకేలా ఉంటే, ఎదుటి నుంచి చూసేవారికి అది తన ప్రతిబింబంతో కలిసి విరిగిన కర్రలా కనిపిస్తుంది. అన్నదమ్ములు నీళ్లు పోయకముందే ప్రతి కొమ్మ కొసకూ గాజుకూ మధ్య మూడు వేళ్ల సందు ఉండేలా చూసుకున్నారు. రెండు కొమ్మలను ఆ కొలత కోసమే రంపంతో కోసి, కోసిన ముఖం తెల్లగా కనిపించకుండా దాని మీద నాచు కట్టారు. మూల నుంచి చూస్తే ఒకే చేప రెండు చేపలుగా కనిపించడం మాత్రం ఎవరూ తప్పించలేనిది. మా పిల్లలకు అదే ఎక్కువ ఇష్టం.

ఈ దుకాణం పనితనం అసలు తెలిసేది శిఖరాన్ని నిలిపిన చోటులో. నాలుగు వైపులా కనిపించాలంటే ఎత్తైన భాగాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాలని నేను అనుకున్నాను. వారు ఒప్పుకోలేదు. ఒక గాజు నుంచి 16, దాని ఎదుటి గాజు నుంచి 24 సెంటీమీటర్ల దూరం వచ్చేలా, మిగతా రెండు గాజులకు కూడా అదే లెక్క కుదిరేలా శిఖరాన్ని ఒక మూల వైపు కొద్దిగా జరిపారు. దీనివల్ల ఏ వైపు నుంచి చూసినా శిఖరం నడిమధ్యకు రాకుండా కొంచెం కుడికో ఎడమకో ఒరుగుతుంది. రెండు వైపుల నుంచి నిట్టనిలువు చరియ, మిగతా రెండు వైపుల నుంచి పొడవైన వాలు కనిపిస్తాయి. లతీఫ్ సాహెబ్ గుట్ట ఊళ్లో నుంచి ఒక తీరుగా, పక్క ఊళ్ల నుంచి మరో తీరుగా కనిపించినట్టు, సోఫాలో కూర్చున్నవారు చూసే ట్యాంకు, భోజనాల బల్ల దగ్గరివారు చూసే ట్యాంకు వేరువేరుగా ఉన్నాయి. మొక్కల ట్యాంకులకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన జపాన్ కళాకారుడు తకాషి అమానో (1954–2015) పద్ధతిని అనుసరించేవారు ముఖ్యమైన రాయిని మధ్య నుంచి తప్పించి పెడతారు. ఆ పద్ధతిలో అమరికను ప్రధానంగా ఎదుటి నుంచే చూస్తారు. ఇక్కడ దానినే నాలుగు ముఖాలకూ వర్తింపజేయడం ఆలోచించి చేసిన పని.

నేల పరిచిన తీరు కూడా బాగుంది. మొక్కలకు పోషకాలిచ్చే నల్లని ఆక్వా సాయిల్‌ను గాజు దాకా పరిస్తే, పొరలు పొరలుగా అన్ని వైపుల నుంచీ కనిపించి అసహ్యంగా ఉంటుంది. అందుకని అంచుల వెంట నాలుగు వేళ్ల వెడల్పున లేత రంగు ఇసుక పోసి, దాని లోపలి వైపు రాళ్ల వరుస నిలిపి, ఆ రాళ్ల వెనుక మాత్రమే సాయిల్‌ను గుట్టగా పోశారు. అంచు దగ్గర మూడు సెంటీమీటర్లున్న నేల శిఖరం దగ్గర పదమూడు దాకా లేస్తుంది. అంత ఎత్తు సాయిల్‌తోనే నింపితే కొద్ది నెలల్లో జారి చదునవుతుంది. కింద లావా రాళ్ల ముక్కలను వల సంచుల్లో కట్టి పేర్చి, పైన సాయిల్ వేయడంతో వాలు ఇంతవరకు చెదరలేదు. అయితే భోజనాల గది వైపు రెండు రాళ్ల మధ్య సందు సరిగా మూయకపోవడంతో నల్లని గింజలు ఇసుకలోకి జారి మచ్చలుగా కనిపిస్తున్నాయి. చెప్పగానే వచ్చి పీల్చి తీశారు కానీ, సందును మూయనందున మళ్లీ జారుతున్నాయి. ఈ ఒక్క చోట పని పూర్తి కాలేదని చెప్పాలి.

రాళ్ల విషయంలో వారి నిజాయితీని మెచ్చుకోవాలి. దిగుమతి చేసిన రాళ్లు చూపించి ఎక్కువ ధర అడిగే అవకాశం ఉన్నా, మన జిల్లా గ్రానైటు ముక్కలే వాడారు. ఎండకూ వానకూ మొరటుబారిన, గులాబీ చాయ ఉన్న ఆ రాయి నీటిలో కరగదు, నీటి గుణాన్ని మార్చదు. వాడపల్లి వైపు సిమెంటు కంపెనీలకు ఆధారమైన సున్నపురాయి గానీ, ఇళ్లలో పరిచే శాబాదు బండ ముక్కలు గానీ వేస్తే, అసలే గట్టివైన మన నీళ్లు మరింత గట్టిపడతాయి. తేడా తెలుసుకోవడానికి రాయి మీద కొద్దిగా ఆమ్లం చుక్కలు వేసి, నురగ వస్తే పక్కన పెట్టాలని దుకాణంలోనే చేసి చూపించారు. రాళ్ల మీది చారలన్నీ ఒకే దిశలో ఉండేలా పేర్చడంతో అవి పుట్టుకతోనే అక్కడ ఉన్నట్టు కనిపిస్తున్నాయి.

నల్లగొండ నీళ్లంటే అందరికీ ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. మొక్కల ట్యాంకు దగ్గర మాత్రం మొదట చూడవలసినవి నీటి కాఠిన్యం, క్షారత. మా ఇంటి బోరు నీటిలో కరిగిన లవణాలు మీటరు మీద లీటరుకు 1,100 మిల్లీగ్రాముల దాకా చూపించాయి. మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు 350, ఆర్‌ఓ క్యాన్ నీళ్లు 50 దగ్గర ఉన్నాయి. బోరు నీళ్లు అసలే వాడవద్దని, రెండు వంతుల నల్లా నీటికి ఒక వంతు క్యాన్ నీళ్లు కలపాలని, నల్లా నీటిలోని క్లోరిన్ పోవడానికి మందు వేయాలని చెప్పి, కొలత గీతలు పెట్టిన బకెట్టు ఒకటి ఇచ్చి వెళ్లారు. వారం వారం పన్నెండు లీటర్లు మార్చడానికి ఆ బకెట్టు చాలు. వేసవి గురించి చెప్పిన మాట ఇంకా విలువైనది. ఎండాకాలంలో నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది; కానీ నీళ్లు త్వరగా తగ్గిపోతాయి. ఆవిరయ్యేది నీరే, లవణాలన్నీ ట్యాంకులోనే మిగులుతాయి కాబట్టి తగ్గిన మేరకు ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయాలి. పాలమూరు, నల్లగొండ ఎండలకు ఈ జాగ్రత్త తప్పనిసరి.

మొక్కల ఎంపికలో తొందరపడలేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేకుండా బతికేవే పెట్టారు: శిఖరం చుట్టూ జావా ఫెర్న్, రాళ్ల సందుల్లో అనుబియాస్, వాలు మీద శ్రీలంక పుట్టిల్లైన క్రిప్టోకొరైన్ వెండ్టీ, పై భాగంలో మన దేశపు నీటి మడుగుల్లోనే పెరిగే రొటాలా. అనుబియాస్, జావా ఫెర్న్‌ల కొమ్మును (వేర్లు, ఆకులు పుట్టే లావు కాడను) మట్టిలో పూడిస్తే కుళ్లిపోతుంది కాబట్టి వాటిని దారంతో కర్రకూ రాయికీ కట్టారు. వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటివి నీటిలోని బైకార్బనేట్ల నుంచి కూడా కార్బన్ తీసుకుంటాయి కనుక గట్టి నీటిలో బాగా పెరుగుతాయని చెబుతూనే, ఇంత చిన్న ట్యాంకులో వాలిస్నేరియా ఆకులు పైన పరుచుకుని కిందికి వెలుతురు రానివ్వవని వద్దన్నారు. నాటిన కొద్ది రోజులకు క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోయినా భయపడవద్దని ముందే హెచ్చరించారు. అలాగే జరిగింది, వేరు నుంచి కొత్త ఆకులు వచ్చాయి.

పైపుల విషయంలో కొంత రాజీ తప్పదు. అడుగు గాజుకు రంధ్రాలు చేసి పైపులను శిఖరం లోపలి నుంచి తీసుకువస్తే నాలుగు వైపులూ శుభ్రంగా కనిపిస్తాయి. లీకైతే మాత్రం మొత్తం నీళ్లు హాల్లోకి వస్తాయి. దుకాణం వారు క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండి నీటిని వడపోసే డబ్బా) పైపులు రెండింటినీ వంటింటి వైపు మూలకే చేర్చారు. ఆ మూల నుంచి మేము ట్యాంకును చూసేది తక్కువ. నేనైనా ఇదే ఎంచుకునేవాణ్ని. కరెంటు గంటల తరబడి పోతే ఫిల్టరు లోపల నిలిచిన నీటిని పారబోసిన తర్వాతే తిరిగి నడపాలని చెప్పడం కూడా బాధ్యతగా అనిపించింది.

నిజమైన లోపం దీపానిది. గోడ పక్క ట్యాంకుకు వాడే ఎల్‌ఈడీ దీపాన్నే పైన వేలాడదీశారు. సోఫా వైపు ఇబ్బంది లేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే దీపపు గింజల వెలుతురు సూటిగా కళ్లలో పడుతోంది. నాలుగు వైపుల నుంచీ చూసే ట్యాంకుకు దీపం చుట్టూ కిందికి దిగే మరుగు ఉండాలి. కూర్చునే చోట్లను అంత శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నవారు దీపం విషయంలో ఆ గుర్తులను మరిచిపోవడం నన్ను నిరాశపరిచింది.

గాజు గురించి ఒక మాట చెప్పాలి. మామూలు గాజులో ఉండే ఇనుము వల్ల పచ్చని చాయ వస్తుంది. గోడ పక్క ట్యాంకులో చూపు ఒక గాజు గుండా వెళితే చాలు. ఇక్కడ రెండు గాజులు దాటి అవతలి గది దాకా వెళుతుంది కాబట్టి ఆ చాయ రెట్టింపవుతుంది. ఇనుము తక్కువున్న గాజుకు అదనంగా ఇచ్చిన డబ్బు వృథా కాలేదు. అయితే నీటి మట్టం దగ్గర ఏర్పడే తెల్లని సున్నపు గీత నాలుగు ముఖాల మీదా కనిపిస్తుంది. వెనిగర్ తడిపిన గుడ్డతో నీళ్లలో పడకుండా తుడవడం వారం వారం పని.

చేపలను అదే రోజు అమ్మమని నేను అడిగినా ఇవ్వలేదు. అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడేదాకా ఆగాలని, నీటి పరీక్ష రెండుసార్లు చేసి, అమ్మోనియా, నైట్రైటు సున్నా వచ్చాకే ఇచ్చారు. నియాన్ టెట్రాలు మెత్తని నీటికి అలవాటైనవని చెప్పి, గట్టి నీటిని తట్టుకునే గప్పీల్లో మగవాటినే ఇచ్చారు. ఆడవి కూడా ఉంటే ఈ చిన్న ట్యాంకు త్వరలోనే నిండిపోతుంది. చుట్టూ మనుషులు తిరుగుతుంటే చేపలు బెదురుతాయని, మొదటి రోజుల్లో మూడు వైపులా పాత న్యూస్‌పేపరు అంటించి, ఒక్కొక్క కాగితాన్నే తీసేయమన్నారు. శిఖరం చుట్టూ ఫెర్న్ గుబురుగా పెరిగాక చేపలు దాక్కోవడం మానుకున్నాయి.

స్టాండు కాకుండా మొత్తం ఖర్చు 26,000 రూపాయలైంది, అందులో కూలి 3,000. పనిని బట్టి చూస్తే ఇది న్యాయమైన ధర. నిర్వహణకు వచ్చిన ప్రతిసారీ 800 తీసుకుంటున్నారు. తీరా మొదటిసారి వచ్చిన కుర్రాడు హాలు వైపు రెండు గాజులను మెరిసేలా తుడిచి, మిగతా రెండింటిని పైపైన తుడిచి వెళ్లాడు. అందుకని ఈ దుకాణానికి పని అప్పగించేవారు, నాలుగు గాజులూ లోపలా బయటా శుభ్రం చేయడం, రొటాలాను అన్ని వైపుల నుంచీ కత్తిరించడం, దీపానికి మరుగు బిగించడం అంచనా కాగితంలోనే రాయించుకోండి. దీపం మరుగు మాకు వచ్చే నెల చేసి ఇస్తామన్నారు; దానికి విడిగా డబ్బు అడగలేదు.