దూరం లెక్క నిక్కచ్చి, సమయం లెక్క నామమాత్రం: విమాన దూరాలు చెప్పే వెబ్‌సైట్‌పై సమీక్ష

రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ చూపే ఒక ఉచిత వెబ్‌సైట్‌ను కొన్ని నెలలుగా వాడుతున్నాను. దూరం విషయంలో దాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. సమయం విషయంలో మాత్రం అది చూపే ఒక్క అంకెను పట్టుకొని ఏ ఏర్పాటూ చేసుకోకూడదు.

సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకు దూరం అడిగితే 15,300 కిలోమీటర్లకు కొంచెం పైగా అని చెప్పింది. అది సరైన లెక్కే. భూమిని అచ్చమైన గోళంగా భావించకుండా, భూమధ్యరేఖ దగ్గర 6,378, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఆకారంగానే తీసుకొని లెక్క కట్టడం నాకు బాగా నచ్చింది. అతి దగ్గరి దారి చదునైన పటం మీద వంపు తిరిగి ఎందుకు కనిపిస్తుందో కూడా అక్కడి గీతను చూస్తే ఇట్టే అర్థమవుతుంది. కిలోమీటర్లను నాటికల్ మైళ్లలోకి మార్చుకునే సౌకర్యమూ ఉంది.

ఇక సమయం. నాలుగైదు మార్గాలు పరీక్షించి చూస్తే, దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైన అరగంట కలుపుతున్నారని తేలింది. లండన్ హీత్రో నుంచి జేఎఫ్‌కేకు 5,540 కిలోమీటర్లు, 7 గంటల 1 నిమిషం అని వచ్చింది. కోడ్‌లను తారుమారు చేసినా నిమిషం కూడా మారలేదు. వాస్తవానికి అక్కడ పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలుల వల్ల న్యూయార్క్ వెళ్లడానికి సుమారు 8 గంటలు, తిరిగి రావడానికి దాదాపు గంట తక్కువ పడుతుంది. 2020 ఫిబ్రవరిలో బలమైన గాలుల తోడుతో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది. ఆ 7 గంటల అంకెను నమ్మి, న్యూయార్క్‌లో నన్ను తీసుకెళ్లడానికి వచ్చే బంధువుకు చేరే వేళ చెప్పినందువల్ల ఆయన గంటకు పైగా ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ఇబ్బంది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

హెల్సింకి, టోక్యోల మధ్య చూపే లెక్క మరీ దూరంగా ఉంది. పటంపై గీత రష్యా మీదుగా సాగి, సుమారు 9 గంటల 40 నిమిషాలు చూపుతుంది. 2022 నుంచి ఫిన్లాండ్ విమానాలకు రష్యా గగనతలం మూసి ఉండటంతో అవి చుట్టూ తిరిగి దాదాపు 13 గంటలు ప్రయాణిస్తున్నాయి. ఈ సంగతిని ఒక్క వాక్యంలోనైనా పేజీలో రాసి ఉండవలసింది.

నిర్వాహకులు రాకకూ పోకకూ వేర్వేరు సమయాలు, అదీ కనిష్ఠ, గరిష్ఠ అంచనాలతో చూపితే సేవ ఎంతో మెరుగవుతుంది. అప్పటివరకు నేను దూరం ఇక్కడ చూసుకొని, సమయానికి విమానయాన సంస్థల టైంటేబుల్‌నే ఆశ్రయిస్తాను. రన్‌వే చేరడానికి, దిగాక గేటు దగ్గరికి రావడానికి పట్టే వ్యవధి కూడా అందులో కలిసి ఉంటుంది.