కర్నూలులో నది చేపలు అమ్మే ఒక అంగడి

తుంగభద్ర ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఈ అంగడికి పేరు పలక లేదు. నదిలో, జలాశయంలో పట్టిన చేపలను ఒక పక్క, చెరువు చేపలను మరో పక్క పెట్టి, ఏది ఎక్కడిదో అడగకముందే చెప్పి అమ్మడం దీని ప్రత్యేకత. ధర బజారుకన్నా కొంత ఎక్కువే అయినా, పొలుసు తీసి ముక్కలు కొట్టే శుభ్రతను చూస్తే ఆ తేడా బాధించదు.

వానాకాలంలో గుడ్లతో నిండిన బొచ్చె, రాగండి ఇక్కడ అమ్మరు. యజమాని చెప్పే కారణం సరైనదే. ఈ చేపలు చెరువులో ఎంత బాగా పెరిగినా మామూలుగా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. కొత్తనీరు రాగానే ఏటికి ఎదురెక్కి, వరద ఒడ్డు దాటి పరచుకున్న లోతులేని చోట్ల గుడ్లు విడుస్తాయి. దేనికీ అంటుకోని ఆ గుడ్లు ఒక రోజులోపే పిల్లలవుతాయి. ఆ పిల్లలు మునిగిన గడ్డి మధ్య కంటికి కనిపించనంత చిన్న జీవులను తింటూ ఎదిగి, వరద తీసేకొద్దీ నది మడుగుల్లోకి దిగుతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే హంద్రీ వంటి ఉపనది, చేపలకు అక్కరకు రాగలిగేది పారే ఆ కొద్ది వారాల్లోనే.

అయితే ఇవన్నీ నదిలోనే పుట్టాయని ఆయన అనే మాటను పూర్తిగా ఒప్పుకోలేను. ఎగువన సుంకేసుల ఆనకట్ట ఎదురెక్కే దారికి అడ్డం. పైగా 1957లో ఒడిశాలో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఎక్కించి, బొచ్చె, రాగండి చేరే కార్పు జాతి చేపలచేత గుడ్లు పెట్టించాక, హేచరీల్లో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పుట్టిన పిల్లలను జలాశయాల్లో వదలడం రివాజైంది. శ్రీశైలం వెనుక జలాల బొచ్చె అక్కడ పెరిగిందని చెప్పగలం గాని, అక్కడే పుట్టిందని చెప్పలేం.

కొర్రమీనుకు ఈ పట్టింపు అక్కరలేదు. నాచు, తుంగ ఉన్న నిలవ నీటిలోనే అది గుడ్లు పెట్టి పిల్లలను కాచుకుంటుంది కనుక చెరువుదైనా నిశ్చింతగా కొనవచ్చు.

నాకు నచ్చనిది ఒకటుంది. వానలు తగ్గాక చిన్న చేపల కుప్పలో పరకలతోపాటు వేలెడంత రాగండి పిల్లలు కూడా కనిపించాయి. గుడ్ల చేపను వదిలిపెట్టి దాని పిల్లలను తూకం వేయడం పొసగదు. వలలో కలిసి వచ్చాయన్నది ఆయన జవాబు. వల కన్ను కాస్త పెద్దదైతే అవి రావు.

వాలుగ ఆదివారం తొమ్మిదికల్లా అయిపోతుంది. ముందురోజు చెప్పిపెడితే తీసి ఉంచుతారు.