మారీ పెళ్లికి 40 బార్లు కావాలి: స్కాటిష్ డాన్స్ డేటాబేస్ చాలాకాలం వాడాక

స్కాట్లండ్ సామూహిక నాట్యాలు, వాటి ట్యూన్లు, రికార్డింగుల వివరాలుండే వెబ్‌సైటు స్కాటిష్ కంట్రీ డాన్స్ డేటాబేస్. అందులో నాకు నచ్చింది ఒక్క చిన్న గడి. ఏ డాన్స్ పేజీ తెరిచినా, దానికి సిఫారసు చేసిన ట్యూన్ ఏదో అందులో ఉంటుంది. పేరు మీద నొక్కితే ఆ ట్యూన్ ఏయే రికార్డింగుల్లో ఉందో, ఇంకా ఏ డాన్సులకు వాడతారో వచ్చేస్తుంది. మిగతా సంగతులు ఈ డాన్సులు చేసే వాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

నేను స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో మా డాన్స్ క్లాసుకు పాటలు పెట్టే మనిషిని. లాప్‌టాప్ ముందు కూర్చుని బటన్ నొక్కడానికి అంత టెన్షన్ ఎందుకని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. రీల్ అంటే వేగంగా సాగే డాన్స్ రకం, బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటి కొలత. 32 బార్ల రీల్‌కి ఏ 32 బార్ల ట్యూన్ పెట్టినా కాళ్లు ఆడతాయి, నిజమే. కానీ పేరున్న డాన్సులకు సొంత ట్యూన్ ఉంటుంది. నాలుగు జంటల సెట్లో, అంటే గుంపులో, ఒక్కో జంటకి రెండేసి చొప్పున మామూలుగా ఎనిమిది రౌండ్లు. బ్యాండువాళ్లు సొంత ట్యూన్‌తో మొదలుపెట్టి, మధ్యలో వేరే రెండు మూడు ట్యూన్లు కలిపి, ఆఖరి రౌండుకి మళ్లీ దాని దగ్గరికే వస్తారు. అది వినపడగానే ఇదే చివరిదని అందరికీ తెలిసిపోతుంది, అలిసిపోయిన వాళ్లు కూడా కాస్త పైకి ఎగురుతారు. మన కోలాటంలో పాట ఎత్తుకోగానే ఏ వరస వేయాలో కోలలకు తెలిసిపోయినట్టు, ఇక్కడ ట్యూన్ మొదటి రెండు బార్లకే కాళ్లకు డాన్స్ గుర్తొస్తుంది. వేరే ట్యూన్ పెడితే డాన్స్ ఆగదు గానీ, వెనక వరసలో ఎవరో ఒకరు నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేస్తారు.

ఆ గడి వల్లే కొన్ని సంగతులు నాకు తెలిశాయి. 'రీల్ ఆఫ్ ది 51స్ట్ డివిజన్' ఇక్కడ కాస్త గౌరవంగా చేసే డాన్స్. 1940లో ఫ్రాన్స్‌లోని సాన్ వలేరీ దగ్గర పట్టుబడిన బ్రిటిష్ సైన్యపు 51వ హైలాండ్ డివిజన్ అధికారులు జర్మన్ల ఖైదులో ఉండగా కూర్చుకున్నది. మధ్యలో వేసే ఏటవాలు వరసలు సెయింట్ ఆండ్రూ శిలువ ఆకారంలో, అంటే స్కాట్లండ్ జెండా మీది X లా వస్తాయి. డేటాబేస్‌లో చూస్తే దాని ట్యూన్ పేరు 'ది డ్రంకెన్ పైపర్', అంటే తాగుబోతు బ్యాగ్‌పైప్ వాయిద్యగాడు! ఇంత గంభీరమైన డాన్సుకి అదేం ట్యూనని మొదట నవ్వొచ్చింది. పెట్టి చూశాక నవ్వు పోయింది. నడక ఊపున్న ట్యూన్ అది, ఆ శిలువ దగ్గర చేతులు చాచి అటూ ఇటూ ఆగి అడుగేయడానికి సరిగ్గా సరిపోతుంది. అలాగే మా ఊరి నినాదమైన 'బాన్ అకార్డ్' పేరులో ఉన్న 'బానీ లాస్ ఓ బాన్ అకార్డ్'. ఫిడిల్ విద్వాంసుడు స్కాట్ స్కిన్నర్ ఆ ట్యూన్ కట్టింది 1884లో. దానికి స్ట్రాత్‌స్పే డాన్సును, అంటే నెమ్మదిగా సాగే రకాన్ని, కూర్చింది మాత్రం ఈమధ్య కాలం దాకా అబర్దీన్‌లోనే ఉండిన జాన్ డ్ర్యూరీ. ట్యూన్ ముందు, డాన్స్ తరవాత అన్నమాట. అది తెలిశాక ఆ డాన్సులో ఏ మలుపు ఎక్కడ ఎందుకు పడిందో చెవికి అందడం మొదలైంది.

ఇక ఒక బర్న్స్ నైట్ సంగతి, అంటే కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిపే విందు రాత్రి. చర్చి హాలు, నాలుగు సెట్లు, అందరూ హాగిస్ అనే మాంసం వంటకం తిని ఉన్నారు. కార్యక్రమంలో లేని 'మారీస్ వెడ్డింగ్' (మారీ పెళ్లి) డాన్స్ కావాలని జనం పట్టుబట్టారు. మా దగ్గరున్న పాత సీడీ ఆ పూట గీతలు పడి మొరాయించింది. అంతకు కొద్దిసేపటి ముందే ఆన్‌లైన్‌లో కొన్న కొత్త ఆల్బమ్‌లో ఆ పేరుతో పాట ఉంది, పక్కన '8×40', అంటే 40 బార్ల రౌండ్లు ఎనిమిది, అని అమ్మినవాళ్లే రాశారు. ఆ ఆల్బమ్ ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కలేదు. సరే, బటన్ నొక్కాను.

ఈ డాన్సుకి ఒక్కో రౌండు 40 బార్లు. ముందు చేతులు పట్టుకు తిరగడం, తరవాత నాలుగు మూలల వాళ్లతో ఏటవాలు సగం రీళ్లు (ముగ్గురు 8 అంకెలా అల్లుకుంటూ తిరిగే వరసనీ రీల్ అంటారు), ఆపైన అడ్డంగా ముగ్గురేసి రీళ్లు, చివరి ఎనిమిది బార్లు ఆరుగురు గుండ్రంగా తిరిగి వెనక్కి రావడం. పాటేమో 32 బార్లకే మళ్లీ మొదటికొచ్చింది. జంటలు చేతులు కలిపి చుట్టూ తిరగబోతుంటే ట్యూన్ కొత్త రౌండు ఎత్తుకుంది. అయినా ఎవరూ ఆగలేదు. ఎందుకంటే అన్నీ ఎనిమిదేసి బార్ల ముక్కలే, అడుగు ఎక్కడా తప్పదు. ట్యూన్ తల ఒకచోట, డాన్స్ తల ఒకచోట, అంతే. రెండో రౌండుకి ఎనిమిది బార్ల తేడా, మూడో దానికి పదహారు. టీచరు నా వైపు చూసి, పోనివ్వమని చెయ్యి ఊపారు.

తమాషా ఏమిటంటే, నాలుగు 40లూ ఐదు 32లూ ఒకటే. మూడో జంట మొదలుపెట్టేసరికి ట్యూన్, డాన్స్ మళ్లీ సరిగ్గా ఒకచోట కలిశాయి. హాలంతా కేకలు! మూడో జంట ఏదో ఘనకార్యం చేసినట్టు ముఖాలు పెట్టారు. మళ్లీ తేడా మొదలైంది. నాలుగో జంట తమ వంతుకు వచ్చి, రెండు సగం రీళ్లు వేసి, మూలల వాళ్లందరూ ఎవరి చోటు ఎవరిదో తెలియకుండా నిలబడ్డ క్షణాన అకార్డియన్ ముగింపు స్వరాలు వాయించేసింది. పాట మొత్తం 256 బార్లు మరి, డాన్సుకి 320 కావాలి. జనం నవ్వుతూ ఆ సగంలోనే వంగి నమస్కారాలు పెట్టుకున్నారు. నాలుగో జంటలోని పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "ఈ పెళ్లిలో మాకు భోజనం పెట్టలేదు" అన్నారు. తరవాత ఎప్పుడో ఆ ఆల్బమ్ డేటాబేస్‌లో కనిపించింది. అక్కడ శుభ్రంగా '8×32' అనే ఉంది. అమ్మినవాళ్ల పేజీలో మాత్రం 40 అలాగే ఉంది, నేను రాసిన మెయిల్‌కి జవాబు లేదు. నా కోపమంతా వాళ్ల మీదే.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ముందు పాట నిడివి చూడటం. 8×32 రీల్ అయితే నాలుగున్నర నిమిషాలు దాటి కొంచెం, 8×40 అయితే ఆరు నిమిషాలకు దగ్గర. అదే 8×32 స్ట్రాత్‌స్పే అయితే ఎనిమిది నిమిషాల పైమాటే. ఈ లెక్కకు ఏ డేటాబేసూ అక్కర్లేదు.

పైన ఆ గడిని అంత పొగిడాను గానీ, అందులో పేరుంటే పని అయిపోయినట్టు కాదు. సొంత ట్యూన్ ఉన్న రికార్డింగులన్నీ మా క్లాసుకి పనికిరావు. కొన్ని బ్యాండ్లు జిగ్‌ని (ఇదీ వేగంగా సాగే రకమే) పరుగు పందెంలా వాయిస్తాయి, మా వాళ్లలో సగం మందికి మోకాళ్ల నొప్పులు. వేగం, ఊపు, ఫిడిల్ ముందుంటుందా అకార్డియన్ ముందుంటుందా, ఇవి వింటేగానీ తెలియవు. ఇంకా చాలా కొత్త డాన్సులకు 'ఏదైనా మంచి రీల్' అని కూర్చినవాళ్లే వదిలేస్తారు. అప్పుడు ఆ గడితో పనిలేదు, మన చెవే దిక్కు. నిజం చెప్పాలంటే అలాంటి రోజుల్లో వెతుకులాట నాకు ఇంకా సరదాగా ఉంటుంది.

ఉచితమే కాబట్టి డబ్బు గురించి ఆలోచించక్కర్లేదు. కేవలం డాన్స్ చేసేవాళ్లకి ఇది అంత అవసరం లేదు, అడుగుల కాగితం చాలు. ఫిడిలూ అకార్డియనూ ఉన్న బ్యాండుని పిలిచే క్లబ్బులకూ అంతే, ఏ డాన్సుకి ఏ ట్యూనో వాళ్లకు కంఠతా వచ్చు. నాలాగా స్వరాలు చదవడం రాకుండా, చిన్నప్పుడు ఈ ట్యూన్లు వినకుండా, లాప్‌టాప్‌తో క్లాసు నడిపేవాళ్లకైతే వాడమనే చెబుతాను. వచ్చే ఏడాది మా క్లాసుకి బ్యాండు పెట్టుకునే స్థోమత వస్తే నా అభిప్రాయం మారినా మారొచ్చు.