రేషన్ బియ్యం ఎగుమతి: రోడ్డు మీదా, బార్జి ఎక్కకముందా, ఓడెక్కాకా – ఎక్కడ ఆపితే మేలు?

2024 నవంబరు ఆఖర్లో కాకినాడ యాంకరేజిలో (ఒడ్డుకు దూరంగా ఓడలు లంగరు వేసే చోట; సరుకు బార్జి అనే చదును పడవ మీద అక్కడికి వెళ్తుంది) ఉన్న స్టెల్లా ఎల్ పనామా ఓడలో 640 టన్నుల రేషన్ బియ్యం ఉందని మొదట అన్నారు. తర్వాత రెవెన్యూ, పోలీసు, పౌరసరఫరాలు, కస్టమ్స్, పోర్టు అధికారులు కలిసి ఓడెక్కి నమూనాలు తీస్తే లెక్క 1,320 టన్నులకు చేరింది. ఆ సరుకు దించి ఓడ కదిలేసరికి 2025 జనవరి వచ్చింది. పట్టుకున్నారు, బాగానే ఉంది. మరి పట్టుకోవాల్సిన చోటు అదేనా?

రోడ్డు మీద పని పోలీసులది. ఏ ఊళ్లో ఎవరు కొని ఏ మిల్లుకు పంపుతున్నారో వాళ్లకే తెలుస్తుంది. చిక్కల్లా లారీ దగ్గరే. రేషన్ గోనెలు అప్పటికే మాయమై, బియ్యం 50 కిలోల కొత్త సంచుల్లోకి మారిపోయి ఉంటుంది. 30 టన్నుల లారీ అంటే 600 సంచులు. పై వరస సంచులు గుచ్చి చూసి పంపేస్తే అడుగున ఏముందో తెలియదు. పోనీ కాగితాలు చూద్దామా అంటే, 25 కిలోలు దాటిన బియ్యం సంచికి జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ (సరుకు రవాణా పత్రం) తప్పనిసరి కాదు. డ్రైవరు మిల్లు బిల్లు చూపిస్తాడు, అంతే. ప్రతి లారీనీ దింపించి చూస్తే సక్రమంగా ఎగుమతి చేసేవాళ్ల లారీలూ వాటితో పాటే బారులు తీరతాయి.

కస్టమ్స్ వాళ్లది ఇంకో తంటా. షిప్పింగ్ బిల్లులో, అంటే ఎగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే కాగితంలో, బియ్యమని రాసుంటుంది, సంచిలోనూ బియ్యమే ఉంటుంది. బరువూ సరిపోతుంది. అది చౌక దుకాణం బియ్యమా కాదా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. పైగా ఉప్పుడు బియ్యం మీద ఎగుమతి సుంకం 2024 అక్టోబరులోనే ఎత్తేశారు. సుంకం ఎగ్గొట్టేదేమీ లేని సరుకు మీద బిల్లులను వడపోసే కస్టమ్స్ కంప్యూటరు అనుమానపడదు, చాలా బిల్లులు సంచి విప్పకుండానే దాటిపోతాయి.

అయితే ఆపే తాళంచెవి మాత్రం కస్టమ్స్ చేతిలోనే ఉంది. 1962 కస్టమ్స్ చట్టం 51వ సెక్షన్ కింద లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు (ఎగుమతికి అనుమతి) ఇచ్చేదాకా సరుకు బార్జి ఎక్కకూడదు. ఆ అధికారికి పోలీసులు తోడు నిలవాలని 151వ సెక్షనే చెబుతోంది. అందుకే ఆర్డరు పడకముందు, గోదాములోనో జెట్టీ మీదో ఇద్దరూ కలిసి చూడడమే మేలని మా అభిప్రాయం. 'ఫలానా వాళ్లు పంపుతున్నారట' అనే కబురుతో కస్టమ్స్ ఏమీ చేయలేదు. లారీ నంబరు, కాటా చీటీ, గోదాములో ఏ నిట్టు (పేర్చిన సంచుల వరస), ఏ షిప్పింగ్ బిల్లు అన్నవి కలిపి ఇస్తేనే ఆ బిల్లును ఆపి పెట్టగలరు.

నమూనా తీసేటప్పుడు నిట్టు ముందు వరసతో సరిపెట్టకూడదు. నడిమి సంచులూ అడుగు సంచులూ లాగించాలి. పోషక గింజలు కలిపిన రేషన్ బియ్యమైతే అందులో వందకు ఒక పాలు ఐరన్ ఉన్న ఆ గింజలుంటాయి. వంద గ్రాముల్లో దాదాపు ఐదు వేల గింజలనుకుంటే అవి యాభై దాకా తగలాలి. పొటాషియం థయోసయనేట్ ద్రావణం వేస్తే ఆ గింజలు ఎర్రబడతాయి. మామూలు బియ్యం కలిపేస్తే లెక్క పదిహేనుకో ఇరవైకో పడిపోతుంది. కాబట్టి ఒక్క సంచి చూసి తీర్పు చెప్పకూడదు. ఎరుపు కనబడినంత మాత్రాన నేరం రుజువైపోదు కూడా. పోషక బియ్యం బయటా అమ్ముతారు. పట్టుబడి బ్యాంకు గ్యారంటీ మీద విడుదలైన సరుకే ఇదని కాగితం తెస్తే దాన్నీ సరిచూడాలి. నమూనాను మూడు వాటాలు చేసి, మధ్యవర్తుల ఎదుటే సీలు వేసి, ఒకటి యజమానికివ్వాలి.

వాంగ్మూలం దగ్గర చాలా కేసులు జారిపోతాయి. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు. కస్టమ్స్ చట్టం 108వ సెక్షన్ కింద కస్టమ్స్ అధికారికి స్వచ్ఛందంగా ఇచ్చినది నిలుస్తుంది. మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టి కస్టమ్స్ వాళ్లచేత రాయిస్తే ఆ బలమూ పోతుంది. సరుకు జప్తు మాత్రం నిత్యావసర సరుకుల చట్టం 6ఏ కింద కలెక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఓడెక్కాక పట్టుకోవడమంటే ఖరీదైన పని. హ్యాచ్‌లో (ఓడలో సరుకు నింపే అరలో) ఇతరుల సరుకు పైన పడి ఉంటుంది. సముద్రం నిలకడగా ఉన్నప్పుడే బార్జి ఆనుకుంటుంది. ఓడ ఆగిన ప్రతి రోజుకూ డెమరేజి (ఆలస్యపు రుసుము) పడుతుంది. దించిన బియ్యం ఒడ్డుకు రావాలంటే 'బ్యాక్ టు టౌన్' అనుమతి కావాలి, షిప్పింగ్ బిల్లూ ఎగుమతి మేనిఫెస్టూ (ఓడలోని సరుకుల జాబితా) సవరించాలి. ఎక్కేసిందని రూఢిగా తెలిసినప్పుడే అటు వెళ్లాలి.

కెనడా మాంట్రియల్ రేవులో దొంగ కార్లను పట్టిందీ ఈ పొత్తుతోనే. వారంటు లేకుండా కంటైనరు విప్పే అధికారం అక్కడి పోలీసులకు లేదు, సరిహద్దు సేవల సంస్థకు ఉంది. పోలీసులు కంటైనరు నంబరిచ్చారు, వాళ్లు తెరిచారు. 2023 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా 598 బళ్లు దొరికాయి, అన్నీ ఓడెక్కకముందే.